పెదవికి తగలని ముడి

షరీఫున్నీసాను చూడాలంటే మిల్లు కాలనీ మూడో లైనుకు పోవాలి. పోవడం కష్టమేం కాదు. భువనగిరికీ చౌటుప్పల్‌కూ నడుమ ఉన్న ఆ టౌనులో బస్సు దిగి, మిల్లు కాలనీ అంటే చాలు, ఆటో అతను "పాత మిల్లేడుంది సార్ ఇప్పుడు?" అని నవ్వుతాడు, నవ్వుతూనే తీసుకపోయి దింపుతాడు. ఆ పాత మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. పేరు మాత్రం పోలేదు. ఆ టౌనులో అన్నిటికంటే గట్టిగా కట్టింది ఆ పేరునే అనిపిస్తుంది.

ఆరు లైన్లు. లైనుకు ఇరవై నాలుగు ఇళ్లు. ఒక గది, ఒక వంటిల్లు, పైన రేకులు, ముందు మనిషి కాళ్లు చాపి కూర్చునేంత అరుగు. దూది దులిపే బ్లోరూము వాళ్లది ఒక లైను, దారం తీసే స్పిన్నింగు వాళ్లవి రెండు, ఇట్లా పనిని బట్టి ఇళ్లిచ్చారు. మూడో లైను వైండింగు వాళ్లది. వైండింగంటే చిన్న కండెల మీది నూలును పెద్ద కోనుకు చుట్టే పని. అందులో అందరూ ఆడవాళ్లే. అందుకని క్వార్టర్లు కూడా ఆడవాళ్ల పేర్ల మీదే ఇచ్చారు. మొగుళ్లు వచ్చి పెళ్లాల ఇళ్లల్లో ఉండేవాళ్లు. టౌనంతా దానికి "ఇల్లరికం లైను" అని పేరు పెట్టి ఎక్కిరించేది. ఎక్కిరించిన వాళ్లే సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు గేటు కాడ నిలబడి, ఆ లైనులో ఎవరైనా పెళ్లికున్నారా అని ఆరా తీసేవాళ్లు. ఉద్యోగం ఉన్న పిల్ల, సొంత క్వార్టరు. ఎవడికి చేదు?

షరీఫున్నీసా భర్త సర్దార్ కూడా అట్లా వచ్చినవాడే. నెమ్మది మనిషి, బ్లోరూములో దూది మింగీ మింగీ దగ్గు పట్టి, మిల్లు మూతపడిన ఏడేళ్లకు పోయాడు. పిల్లలు లేరు. ఆమె అప్పటి నుంచి చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఆ పదకొండో నంబరు ఇంట్లోనే ఉన్నది. పక్కన పన్నెండో నంబరు జానమ్మది. మిల్లులో ఇద్దరివీ ఎదురెదురు మిషన్లు, కాలనీలో పక్కపక్క ఇళ్లు. జానమ్మ రెండేళ్లు పెద్ద. ఆదివారం చర్చికి పోయొచ్చి వండిన కూర గిన్నెడు ఇటు వచ్చేది, పండగనాటి షీర్ ఖుర్మా గిన్నెడు అటు పోయేది. తిరిగి ఇచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా, రెండు పచ్చి మిరపకాయలైనా అడుగున వేసి ఇవ్వాలి. ఆ పద్ధతి ఏ మతం వాళ్లదో లైనులో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పింది కూడా లేదు. మిల్లు మూతపడిన ఏడాది మాత్రం రెండిళ్ల మధ్యా మిరపకాయలే తిరిగాయి.

ఇక ముడి సంగతి చెప్పాలి. కండె అయిపోయినప్పుడల్లా, దారం తెగినప్పుడల్లా రెండు కొసలు కలిపి ముడి వెయ్యాలి. షిఫ్టుకు వెయ్యికి తక్కువ ఉండవు. ఎడమ బొటనవేలి మీద రెండు కొసలూ అడ్డంగా పెట్టి, ఒకదాన్ని గోరు వెనక నుంచి తిప్పి, రెండోదాన్ని ఆ సందులోకి దూర్చి లాగడం. చెప్పడానికి ఇంత పట్టింది గానీ షరీఫున్నీసాకు రెప్పపాటు కూడా పట్టదు. వేసిన ముడి బాగుందో లేదో చూసుకోవడానికి కళ్లు పనికిరావు, అంత సన్నని నూలది. దారాన్ని కింది పెదవి మీద నుంచి లాగాలి. పెదవికి తగిలితే ముడి లావైనట్టు, తెంపి మళ్లీ వెయ్యాలి. తగలకపోతే పాస్. వైండింగు ఆడవాళ్ల కింది పెదవులు ఎప్పుడూ పొడిబారి, నడుమ సన్నగా గీత పడి ఉండేవి. సంతలో ఎక్కడ చూసినా ఆ గీతతో గుర్తు పట్టేవాళ్లు.

దసరా ముందురోజు మిషన్లు ఆపి, కడిగి, కుంకుమ పెట్టేవాళ్లు. ఆపిన మిషన్ల నడుమ ముడుల పందెం జరిగేది. కళ్లకు గంతలు కట్టుకోవాలి, నిమిషంలో ఎవరు ఎక్కువ ముడులు వేస్తే వాళ్లకు స్టీలు టిఫిను డబ్బా. షరీఫున్నీసా ఏడేళ్లు గెలిచింది. జానమ్మ ఏడేళ్లూ రెండోది. "నువ్వు బుర్ఖల ఉండి ఉండి చీకట్ల అలవాటు పడ్డవే షరీఫా, నాకు అట్ల ఎట్లొస్తది?" అని జానమ్మ ఏడిపించేది. షరీఫున్నీసా మిల్లుకు బుర్ఖా వేసుకున్న రోజు ఒక్కటీ లేదు.

రెండు వేల రెండులో ఒక పొద్దున గేటుకు కాగితం అంటించి ఉంది. అంతే. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే, ఏ మిల్లు కాలనీదైనా ఒక్కటే కథ. కొందరు హైదరాబాదులో వాచ్‌మెన్లయ్యారు. కొందరు చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలకు వ్యాన్లెక్కారు. అయిదో లైను, ఆరో లైను రేకులు ఎవరెవరో ఎత్తుకుపోతే సర్కారు తుమ్మ మొలిచింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు జీపు మీద నిలబడి మిల్లు తెరిపిస్తామనేవాళ్లు. తెలంగాణ వచ్చిన రోజున కాలనీ వాళ్లంతా గేటు కాడికి పోయి పటాకులు కాల్చి, తుప్పు పట్టిన తాళానికి బంతిపూల దండ వేశారు. ఆ దండ ఎండి, రాలి, ఉత్త దారం మిగిలింది. ఆ దారం కూడా చాలా రోజులు తాళానికే వేలాడింది. మరీ అన్యాయం చెప్పకూడదు, నీళ్ల నల్లాలు వచ్చాయి, రోడ్డు వచ్చింది. పనే రాలేదు.

అట్లాంటిది, రెండు వేల ఇరవై రెండులో కొత్త కంపెనీ బోర్డు లేచింది. తుమ్మలు కొట్టారు. లారీల మీద మిషన్లు దిగాయి. మరుసటి ఏప్రిల్‌లో అమరేందర్ అని ఒక ఆఫీసరు, ముప్పై దాటని వాడు, గేటు పక్క గదిలో కుర్చీ వేసుకుని పేర్లు రాసుకున్నాడు. షరీఫున్నీసా తన పాత గుర్తింపు కార్డు పట్టుకుని పోయింది. యాభై ఆరేళ్లదాన్ని తీసుకోరని ఆమెకూ తెలుసు. ఊరికే చూపిద్దామని పోయింది.

"వైండింగా అమ్మా? మంచిది. మీ లైను ఆడపిల్లలకు మొదట చాన్సిస్తం. జులైల పరీక్ష. చేతుల చురుకు చూస్తం," అన్నాడు అమరేందర్.

చేతుల చురుకు. ఆ మాట పట్టుకుని ఆమె ఇల్లు చేరింది. వైండింగులో చేతుల చురుకంటే ఏంటి? ఇంకేముంటుంది? మూడో లైనులో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు చెప్పేవాళ్లు. ఆ సాయంత్రమే ట్రంకు పెట్టె తీసి, ఒక దసరాకు మిల్లు వాళ్లు ఇచ్చిన మూడు కోన్లూ బయట పెట్టింది. నూలు పసుపెక్కి, ముట్టుకుంటే తెగుతున్నది. "ఊకె తెగుతదిగదా, నేర్సుకునేటోళ్లకు ఇదే మంచిగ," అన్నది.

మొదట మల్లిక వచ్చింది. మల్లిక జానమ్మ కోడలు. భర్త విజేందర్ సిమెంటు ట్యాంకరు నడుపుతాడు, పది రోజులకొకసారి ఇంటికొస్తాడు. మల్లిక నాలుగేళ్ల కూతుర్ని జానమ్మకు అప్పజెప్పి, పొద్దున ఆరింటికి కంపెనీ వ్యానెక్కి చౌటుప్పల్ పోయి, మాత్రల పట్టీలు అట్టపెట్టెల్లో సర్ది, సాయంత్రం నాలుగున్నరకు దిగేది. నిలబడీ నిలబడీ మోకాళ్లు, మందుల వాసనకు తల నొప్పి. ఇంటి ముందరే మిల్లు, నడిచి పోయి నడిచి రావచ్చు, మధ్యాహ్నం బిడ్డకు ముద్ద పెట్టి పోవచ్చు. అంతకంటే ఆమెకు పెద్ద కోరికలేం లేవు. వారం తిరగకుండా నాలుగో లైను నుంచి సబా వచ్చింది, ఇంటర్ పాసైన పిల్ల. ఇంకో ముగ్గురు వచ్చారు.

ఆ రెండు నెలలు మూడో లైను ఎట్లుండెనో చెబితే నమ్మరు. సాయంత్రమైతే షరీఫున్నీసా అరుగు మీద అయిదుగురు ఆడపిల్లలు వరసగా కూర్చునేవాళ్లు. ఒకరి ఒడిలో కోను, ఇద్దరి చేతుల్లో కొసలు. జానమ్మ తన అరుగు మీద నుంచే తప్పులు పట్టేది. వేళ్లు బిగుసుకుపోయి ఆమె ముడి వెయ్యలేదు గానీ నోటికి ఆ బాధ లేదు. "అది ముడా మల్లికా? బర్రెను కట్టేస్తరు దానితోని!" పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. చాయ్ కాగేది. ఎవరో ఒకరు బజ్జీలు తెచ్చేవాళ్లు. ఆగిపోయి పోయేవాళ్లు, కూర్చుని పోయేవాళ్లు. సర్దార్ పోయినప్పటి నుంచి గోడతో మాట్లాడిన మనిషి షరీఫున్నీసా. ఆమె అరుగుకు మళ్లీ మనుషులొచ్చారు. ఫాల్స్ కుట్టడానికిచ్చిన చీరలు ఆలస్యమైనా పట్టించుకోలేదు. "పెదివి మీద గుంజు, పెదివి మీద గుంజు," అని పిల్లల వెంట పడేది. వాళ్ల కింది పెదవుల మీద పగుళ్లు పడుతుంటే ఆమెకు లోలోపల పండగ.

మల్లిక చెయ్యి అందరికంటే ముందు తిరిగింది. జూన్ సగానికి ఆమె వేసిన ముడి షరీఫున్నీసా పెదవికి తగలడం మానేసింది. "నా జోడి నువ్వే," అన్నది షరీఫున్నీసా. అన్నాక పక్క అరుగు మీది జానమ్మ వైపు చూసి నాలుక కరుచుకుంది.

బక్రీదుకు హసన్ వచ్చాడు. షరీఫున్నీసా అన్న కొడుకు, షాద్‌నగర్ వైపు ఒక నూలు మిల్లులో ఫిట్టరు. పండగ ముందురోజు సాయంత్రం అరుగు మీది సందడి చూశాడు. పండగనాడు మాంసం పంచడం అయ్యాక, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అడిగాడు.

"ఫుప్పూ, గా పోరీలకు ముడి ఎందుకు నేర్పుతున్నవ్?"

"వైండింగు పరీక్షకు."

"ఇప్పుడు ముడి ఎవరేస్తుండ్రు?" అని ఫోను తీసి వీడియో చూపించాడు. మిషన్ తనే రెండు కొసలు పట్టుకుంది. బుస్సుమని గాలి కొట్టింది. రెండు కొసలూ ఒక్కటైపోయాయి. ముడి లేదు. మనిషి లేడు. "ఎన్నడన్న నూలుల ముడి వచ్చిందనుకో, దీనికి కన్నుంటది, పసిగట్టి కత్తిరిస్తది. ముడంటే ఇప్పుడు ఖరాబ్ కింద లెక్క, ఫుప్పూ."

"మీ మిల్లుల అట్లుండొచ్చు."

"అన్నిట్ల గంతే. ఇక్కడ దింపిన మిషన్లు గూడ గవే, నేను గేటు కాడ డబ్బాల మీద పేరు చూసిన. జర ఆ పోరీలకు చెప్పు. ఉన్న పనులు ఇడిచిపెట్టుకుంటరు."

షరీఫున్నీసా తలూపింది. చెబుతానన్నది. ఇక్కడ ఆమెను వెనకేసుకు రావాలని నాకూ ఉంది గానీ, లాభం లేదు. ఆమె విన్నది. ఆమెకు అర్థమైంది. ఆ సాయంత్రం పిల్లలు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. సబా ఏదో జోకేసింది. జానమ్మ తిట్టింది. షరీఫున్నీసా నోరు తెరిచి, "ఎడమ ఏలు గోరు జర పెంచుకోన్రి," అన్నది. ఆ ఒక్క మాటే వచ్చింది.

పండగైన రెండో రోజు జులై ఒకటి. పొద్దున్నే మల్లిక వచ్చింది, చేతిలో కాగితం. మందుల ఫ్యాక్టరీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు నాగరాజు ఇచ్చిన కాగితమది. సంతకం పెడితే ఇంకో ఏడాది పని. పెట్టకపోతే ఆ జాగాలో ఇంకొకరు. మిల్లు పరీక్ష పన్నెండో తారీఖున. సంతకం పెట్టి మధ్యలో వదిలేస్తే నాగరాజు మళ్లీ గడప తొక్కనివ్వడు. పరీక్ష తర్వాత పది రోజులు ట్రైనింగుంటుందన్నారు, ఆ పది రోజులు సెలవివ్వడు.

"చిన్నత్తా, సంతకం పెట్టాల్నా, వద్దా? మా ఆయనకు ఫోన్ జేస్తె నీ ఇష్టమన్నడు. అత్తనడిగితే షరీఫానే అడుగు, దానికే ఎరుక అన్నది. వ్యానొచ్చే టైమైతాంది, చెప్పు."

మల్లిక నిలబడి అడిగింది. కాగితం మడత పెట్టి పట్టుకుంది. వ్యాను కోసం తల దువ్వుకుని, టిఫిను సంచీ భుజాన వేసుకుని ఉంది. షరీఫున్నీసా ఆమెను చూడలేదు, అరుగు చూసింది. మల్లిక పోతే సబా ఎందుకొస్తుంది? మిగతా ముగ్గురు ఎందుకొస్తారు? రేపటి నుంచి సాయంత్రం అయిదింటికి ఎవరి కోసం చాయ్ పెట్టాలి? హసన్ చెప్పింది హసన్ మిల్లు సంగతి, అని మనసులో గట్టిగా అనుకున్నది. పిల్ల చెయ్యి చూస్తే ఆఫీసరు ఏదో ఒక పని ఇయ్యకపోతాడా, అని కూడా అనుకున్నది. మనిషికి కావాలంటే సాకులకు కొదవా?

"వద్దు బిడ్డా. పెట్టకు," అన్నది.

మల్లిక ముఖం వెలిగిపోయింది. ఆమె కోరుకున్న జవాబూ అదే. కాగితాన్ని అక్కడే చింపి, వ్యాను వెళ్లిపోతుంటే బిడ్డను చంకనేసుకుని చెయ్యి ఊపింది.

పన్నెండో తారీఖున అయిదుగురూ కొత్త చీరలు, చుడీదార్లు వేసుకుని పోయారు. షరీఫున్నీసా కూడా వెంట పోయింది, గేటు వాచ్‌మన్ పాతవాడు కావడంతో ఆపలేదు. లోపల ఆ పెద్ద షెడ్డు చూసి ఆమె గుమ్మం కాడే ఆగింది. నేల తళతళలాడుతున్నది. గాల్లో దూది పోగు లేదు. చప్పుడు కూడా వేరు. పరీక్షలో దారం లేదు. రంగురంగుల మేకులు చిల్లుల పలకలో గుచ్చమన్నారు, దూరంగా రాసిన అక్షరాలు చదవమన్నారు, టీవీ లాంటి ఒక తెర మీద ఇంగ్లీషులో ఏదో వస్తే ఏ బటను నొక్కాలో అడిగారు. పదో తరగతి సర్టిఫికెట్టు అడిగారు. సబా టకటకా నొక్కింది. మల్లిక చదివింది ఏడు. ఆమె మేకులన్నీ అందరికంటే ముందు గుచ్చి, తెర కాడికొచ్చేసరికి ఆగిపోయింది.

అప్పుడు మల్లిక ధైర్యం చేసి, "సార్, ముడి జూపిస్త," అన్నది. కొంగున కట్టుకొచ్చిన నూలు తీసి, తెంపి, కళ్లు మూసుకుని వేసింది. పెదవి మీద లాగి చూసుకుని అందించింది. ఎంత బాగా వేసిందంటే, షరీఫున్నీసాకు ఆ క్షణంలో అన్నీ మరిచిపోయి గర్వమనిపించింది.

అమరేందర్ చెడ్డవాడు కాదు. దారాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "అమ్మా, నిజంగ గొప్ప పని ఇది. నేను చూడడం ఇదే మొదలు," అన్నాడు. తర్వాత వాళ్లను ఒక మిషన్ దగ్గరకు తీసుకుపోయి ఆ దారాన్ని అందులో పెట్టాడు. టక్కుమని ఎర్ర లైటు వెలిగింది. కత్తెర పడింది. ముడి ఉన్న వేలెడు ముక్క కింద డబ్బాలో పడింది. బుస్సుమని గాలి, దారం మళ్లీ ఒక్కటై పరుగు అందుకుంది. "ముడి ఉంటే బట్టల తేలుతది. అందుకే కట్ చేస్తది," అన్నాడు.

పెదవికి దొరకనిది దానికి దొరికింది. మల్లిక ఆ డబ్బా వైపే చూస్తున్నది. అందరూ షరీఫున్నీసా వైపు తిరిగారు. ఆమె అప్పుడే విన్నట్టు, అప్పుడే చూసినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొదటిది చెప్పకపోవడమైతే, ఇది రెండో తప్పు. నా మటుకు నాకు మొదటిదాని కంటే ఇదే పెద్దది.

సబా ఒక్కతే సెలక్టయింది. మల్లిక నాగరాజు కాడికి పోయింది. రెండుసార్లు పోయింది. మూడోసారి జానమ్మ కూడా పోయింది. జాగా నిండిపోయింది, వచ్చే ఏడు చూద్దామన్నాడు నాగరాజు. ఆయన్ను అనడానికీ లేదు.

మిల్లు మాత్రం నడుస్తున్నది. ఒకటో లైనూ రెండో లైనూ బాగు చేసి, సున్నం వేసి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు హాస్టలు చేశారు. సాయంత్రాలు అటు వైపు లైట్లు, ఫోన్లలో పాటలు, తీగల నిండా ఆరేసిన బట్టలు. టౌనులో కిరాణం షాపులు రెండు పెరిగాయి. మూడో లైను సంగతి వచ్చే ఏడు ఆలోచిస్తామంటున్నారు. బాగు చెయ్యడానికో పడగొట్టడానికో అమరేందర్‌కు కూడా తెలియదు. బతికిందా కాలనీ అంటే బతికింది, కానీ అక్కడ పుట్టి పెరిగిన వాళ్లు దాన్ని గోడ ఇవతల నుంచే చూస్తున్నారు. మల్లికకు ఆ హాస్టల్లో పని దొరికింది. ఒక లైను మొత్తం, ఇరవై నాలుగు గదులు ఊడ్చి, బాత్రూములు కడగాలి. ఇంటి ముందరే పని, నడిచి పోయి నడిచి వస్తుంది. ఆమె అడిగింది అదే కదా అని ఎవరైనా అంటే కొట్టాలనిపిస్తుంది.

షరీఫున్నీసా అరుగు మళ్లీ ఖాళీ అయింది. పూర్తిగా కాదు. మల్లిక వస్తుండేది. అదీ అసలు బాధ. హాస్టల్ పని చేసొచ్చి, చేతులకు ఫినాయిల్ వాసనతోనే గిన్నెలో కూర పట్టుకుని వచ్చేది. అరుగు మీద కూర్చుని ఈమెనే ఓదార్చేది. "నువ్వు తినవు, మంచిగ పండవు, గట్లయితే ఎట్ల? నిన్ను గూడ మోసం జేసిండ్రు గదా చిన్నత్తా. పాపం, ఎంత ప్రేమతోని నేర్పినవ్." షరీఫున్నీసా ఆ కూర తిని, గిన్నెలో చక్కెరో బెల్లం ముక్కో వేసి ఇచ్చేది. నాలుగు నెలలు అట్లా తిన్నది. ఎట్లా దిగిందో ఆమెకే తెలియాలి.

నవంబరులో ఒక సాయంత్రం చుక్కకూర పప్పు తెచ్చింది మల్లిక. చలి మొదలైంది. ఆమె కింది పెదవి మీద పగులు ఇంకా మానలేదు, మాట్లాడుతుంటే సన్నగా నెత్తురు కనబడింది. షరీఫున్నీసా వెన్న తెచ్చి, పిల్ల గదుమ పట్టుకుని రాసింది.

"ఎందుకు నేర్పితి బిడ్డా నీకు," అన్నది, తనలో తాను అన్నట్టు.

మల్లిక నవ్వింది. "ఇంకా గదే మనసుల పెట్టుకున్నవా? నువ్వేం జేస్తవ్ చిన్నత్తా? నీకేం ఎరుక?"

ఆ మాట అనకపోతే ఇంకెన్నాళ్లు గడిచేవో. షరీఫున్నీసా వెన్న గిన్నె కింద పెట్టింది.

"నాకెరుకే," అన్నది.

మల్లికకు అర్థం కాలేదు.

"హసన్ చెప్పిండు నాకు. ముడి పనికి రాదని, గాలితోని అతుకుతదని, కత్తిరిస్తదని. ఫోన్ల జూపిచ్చిండు. మీకు చెప్పుమన్నడు. నేను చెప్పలె. మీరు రారని చెప్పలె. నాకు... మీరు వచ్చి కూసుంటుంటే మస్తు మంచిగుండె మల్లికా. గందుకే చెప్పలె."

ఒకటో లైను వైపు నుంచి ఏదో పాట వినబడుతున్నది, వాళ్ల భాషలో. మల్లిక మెల్లగా అడిగింది.

"హసనన్న ఎప్పుడు చెప్పిండు? నేను కాగితం పట్టుకొచ్చినంకనా? ముంగటనా?"

ఇక్కడ షరీఫున్నీసా "తర్వాత" అని ఉండొచ్చు. ఒక్క మాట. ఆ మాటతో పిల్ల మిగిలేది, సాయంత్రాలు మిగిలేవి, కూర గిన్నె మిగిలేది. పరీక్షకు నాలుగు రోజుల ముందు చెప్పాడంటే ఎవరొచ్చి అడుగుతారు? ఆమెకు ఆ సంగతి తట్టింది కూడా.

"ముంగటనే," అన్నది. "రెండొద్దుల ముంగట."

మల్లిక లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, చెప్పులేసుకుని, తన ఇంట్లోకి పోయింది. కూర గిన్నె అరుగు మీదే ఉండిపోయింది.

మూడు రోజులు ఆ గిన్నె షరీఫున్నీసా దగ్గరే ఉంది. పప్పు పడేయలేక, తినలేక, చివరికి తిన్నది. గిన్నె తోమింది. నాలుగో రోజు పాలు తెప్పించి, సేమ్యాలు వేయించి, ఇంట్లో ఉన్న నాలుగు జీడిపప్పులూ వేసి ఖీర్ వండింది. గిన్నె నిండా పోసి, పైన మూత పెట్టి పన్నెండో నంబరు గడప కాడ నిలబడింది. మల్లిక లోపల బిడ్డకు జడ వేస్తున్నది, తలెత్తలేదు. జానమ్మ వచ్చి గిన్నె అందుకుంది.

మరునాటి సాయంత్రం జానమ్మ వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అరుగు ఎక్కి, పక్కన కూర్చున్నది. ఒడిలో నుంచి గిన్నె తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. ఖీరు పోసి పంపిన గిన్నె పన్నెండో నంబరుదే. దాన్ని వాళ్లు ఉంచుకుంటే సరిపోయేది, తిరిగి పంపే పనే లేదు. కానీ పంపారు. శుభ్రంగా తోమి, తుడిచి, అడుగున ఏమీ లేకుండా పంపారు.

"రెండు మిరపకాయలన్న ఏద్దామని చేతిల పట్టుకున్న షరీఫా," అన్నది జానమ్మ. "అది వద్దన్నది. గిన్నె గూడ ఆమెనే ఉంచుకోమను అన్నది. ఇగ మనకు అక్కర లేదన్నది."

షరీఫున్నీసా గిన్నెను ఒళ్లోకి తీసుకుంది.

"ఖీరు తిన్నదా అక్కా?"

"బిడ్డకు పెట్టింది," అన్నది జానమ్మ. "అది తినలె."